ముహూర్తం సిస్టర్

"యామినీ, గడియ తియ్యమ్మా. ఎవ్వరం ఏమనం. జెర గడియ తియ్యి."

ఆదిలక్ష్మి తలుపుకు చెంప ఆనించి బతిమాలుతూనే ఉంది. లోపల కోడలు పలకడం లేదు. ఏడుస్తున్నా బాగుండేది, చప్పుడు వినబడితే మనిషి ఉన్నదన్న ధైర్యమన్నా ఉండేది.

వంటింట్లో చాయ్ కప్పులు అట్లాగే ఉన్నాయి. యామిని వాటిని తెస్తూ తెస్తూ నడిమింటి గుమ్మంలో ఆగిపోయింది. మామగారి నోట్లోంచి వచ్చిన మాట విన్నది. చుక్క ఒలకకుండా పళ్లెం వెనక్కి తీసుకుపోయి పొయ్యి పక్కన పెట్టింది. గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

ఆ మాట అన్నాయన కైలాసం సేటు కుర్చీలో కూర్చొని తన అరచేతులు తనే చూసుకుంటున్నాడు. సంగారెడ్డి గంజ్‌లో విత్తనాల దుకాణం ఆయనది. పంచాంగం చూడకుండా బస్తా మూతి కూడా విప్పడు. రాహుకాలంలో తుమ్ము వస్తే సగం తుమ్మి, మిగతా సగం రాహుకాలం దాటినాక తుమ్ముతాడని హమాలీలు ప్రమాణం చేసి చెబుతారు. అట్లాంటి మనిషి ఈ పొద్దు మాత్రం ఏ ఘడియా చూసుకోకుండా నోరు జారాడు.

జారింది కూతురి మీద కోపంతో.

పొద్దున పటాన్‌చెరు నర్సింగ్ హోం నుంచి ఆయనకు ఫోన్ వచ్చింది. "మీ త్రివేణి రాజీనామా ఇచ్చింది సేటూ, ఏమైంది? కొత్త బిల్డింగ్‌లో ఆపరేషన్ థియేటర్ మొత్తం ఆమె చేతికే ఇద్దామనుకున్నం గదా" అని. ఆయన ఫోన్ పెట్టేసి కూతుర్ని పిలిచాడు. అప్పుడు తెలిసింది, ఆమె సర్కారు శిక్షణకు ఎంపికైందనీ, సోమవారం హాస్టల్లో చేరాలనీ, ఆ చదువు పేరు నర్స్ ప్రాక్టీషనర్, మిడ్‌వైఫరీ అనీ.

"అంటే ఏంది? డాక్టరా, నర్సా?" అని తల్లి అడిగింది.

"రెంటికీ నడుమ అమ్మా. కాన్పులు నేనే చూస్త. కోత లేకుండ, నొప్పులు వచ్చేదాంక ఆగి. కష్టమైతే డాక్టర్ను పిలుస్త."

"మంత్రసాని అని చెప్పు సక్కగ" అన్నాడు కైలాసం. "ఇన్నేండ్లు థియేటర్ల నిలబడి, పేరు సంపాయించి, ఇప్పుడు మంత్రసాని పని నేర్సుకుంటవా?"

పేరు నిజంగానే సంపాదించింది. పటాన్‌చెరు కంపెనీల్లో షిఫ్టు బస్సెక్కే ఆడవాళ్లందరికీ ఆమె ముహూర్తం సిస్టర్. పంతులు పెట్టిన నిమిషానికి బిడ్డ బయట పడాలంటే త్రివేణి సిస్టర్ డ్యూటీలో ఉండాలి. ఎప్పుడు మత్తు ఇవ్వాలో, ఎప్పుడు డాక్టరమ్మ చేతికి కత్తి అందించాలో వెనక నుంచి లెక్క కట్టుకుంటూ వచ్చేది. ఆమె ఒక్కసారి గుర్రుగా చూస్తే గోడ గడియారం భయపడి ముల్లు సర్దుకుంటుందని ఒక సూపర్‌వైజరు తన బిడ్డ బారసాలలో చెప్పి అందరినీ నవ్వించాడట.

ఇంట్లో వాళ్లు కూడా నవ్వారు. అప్పటికింకా నవ్వే రోజులు.

"ఎందుకు పోతున్నవో చెప్పు" అని కైలాసం కూతుర్ని గద్దించాడు.

"మీకు ఎరికే నాయినా."

"నా నోటితోటి అనిపియ్యకు."

"నేను గూడ అనలే."

"అనకుండనే అంటున్నవు! ఇన్ని రోజులు కోసి తీపిచ్చిన బిడ్డలంత మంచిగనే ఉన్నరు. ఇంట్ల ఒక్కడు దక్కకపొయ్యేసరికి ఇగ కోతే తప్పు, ముహూర్తమే తప్పు, నేనే తప్పు! అరే, డాక్టరమ్మ రెండు వారాలు ఆగుదామన్ననాడు ఆమెను ఒప్పిచ్చింది ఎవరు? నేనా, నువ్వా?"

గుమ్మంలో కప్పులు గలగలమన్నాయి. అందరూ తల తిప్పేసరికి యామిని వెనక్కి తిరిగింది.

డాక్టరమ్మ ఆగుదామన్న సంగతి ఆ ఇంట్లో తెలియనిది ఆమె ఒక్కదానికే.

* * *

"లే బిడ్డా, పక్కకు జరుగు. నేను మాట్లాడ్త."

సత్తయ్య మంచం మీది నుంచి లేచి వచ్చాడు. కైలాసానికి బాబాయి. నోట్లో పళ్లు లేవు గానీ మాటలకు కొదవ లేదు. ముసలాయన తలుపు ముందు చతికిలబడి, లోపల వంద మంది ఉన్నట్టు గొంతు పెంచాడు.

"యామినమ్మా, నేను పుట్టిన ముచ్చట నీకు చెప్పిననా? చెప్పలే. నేను ఎదురుకాళ్లతోటి వచ్చిన. నిజం. హత్నూర నుంచి మంత్రసాని వచ్చింది, మంజీర నిండ పారుతుంటే ఇత్తడి గంగాళంల కూసోని గరిటెతోటి తెడ్డేసుకుంట వచ్చింది. వచ్చి చూస్తే బయట నా కాలు. ఆమెకు కోపమొచ్చి అరికాలు మీద ఒక్కటి పీకింది. ‘ఇది పద్ధతేనారా? వచ్చేటోడు తలకాయ వంచుకోని వస్తడు. లోపలికి పో, తయారై రా’ అన్నది. నేను పోయిన! నాకు సిగ్గైంది. లోపట ఆరాంగ తిరిగి, తలకాయ సర్దుకోని, మళ్ల వచ్చిన. అప్పటిదాంక ఆమె గడప మీద కూసోని తమలపాకులు నమిలింది. ఎవ్వరు జల్దీ అన్నా ‘లోపలున్నోనికి లేని పరేషాన్ నీకెందుకే’ అన్నది."

ఆదిలక్ష్మికి ఏడుపులో నవ్వొచ్చింది. అమర్, యామిని పెనిమిటి, మెట్ల దగ్గర నిలబడినవాడు తల ఎత్తాడు. ఎందుకంటే తలుపు అవతల నుంచి చిన్న చప్పుడు వచ్చింది. నవ్వు లాంటిదే.

సత్తయ్య గెలిచినట్టు మీసం దువ్వబోయాడు.

"తాతా" అన్నది యామిని లోపలి నుంచి. గొంతు నేల దగ్గర నుంచి వస్తోంది. తలుపుకు ఆనుకొనే కూర్చున్నట్టుంది. "మంచిగున్నది తాతా నీ ముచ్చట. నా కొడుకుకు గట్ల ఎవ్వరు చెప్పలే. లోపల్నే ఉండు, తయారై రా అని ఒక్కరు గూడ చెప్పలే. వాడు మంచిగ తలకాయ వంచుకోనే ఉండె."

ముసలాయన చెయ్యి మీసం దగ్గరే ఆగిపోయింది.

కాసేపటికి గడియ తీసిన చప్పుడైంది. యామిని బయటికి రాలేదు, గుమ్మంలోనే నిలబడింది. నెల కావస్తున్నా బాలింత గుడ్డ చెవుల మీదుగా కట్టుకొనే ఉంది. బిడ్డ లేకపోయినా బాలింత బాలింతే అని అత్త కట్టింది. విప్పమని ఎవరూ చెప్పలేదు.

"త్రివేణీ, ఇటు రా."

త్రివేణి వచ్చింది.

"డాక్టరమ్మ ఏమన్నది? ఉన్నదున్నట్టు చెప్పు."

"పిలగాడు ఇంకా తయారు కాలే, ఊపిరితిత్తులు గట్టిపడాలె, రెండు వారాలు ఆగుదామన్నది."

"నువ్వేమన్నవు?"

త్రివేణి తండ్రి వైపు చూడలేదు. "ఆగితే మూల నక్షత్రం పడుతది, మా ఇంట్ల ఒప్పుకోరు, పునర్వసులనే కావాలె అన్న. ఇట్లాంటివి మనం శానా చేసినం గదా మేడం, ఏం కాలే గదా అన్న. ఆమె నా మొకం చూసింది. నా మాట మీద నమ్మకం ఆమెకు."

"ఆపరేషన్ బల్ల మీద నేను నిన్ను అడిగిన. ఇంకా ఎంతసేపు, చలి పెడుతున్నది అని. నువ్వు ‘ఇంకొంచెం ఆగు వదినా’ అన్నవు. నా నెత్తి నిమిరినవు. నేను బిడ్డ కోసమే ఆగుతున్నరనుకున్న."

"గడియారం కోసం ఆగినం వదినా."

 

యామిని మొగుడి వైపు తిరిగింది. "నీకు ఎరికేనా?"

అమర్ మెట్ల పక్క గోడ మీది సున్నం గోరుతో గీకుతున్నాడు. గీకుతూనే ఉన్నాడు.

"నీకు ఎరికే" అన్నది యామిని. ఇక ఆయన్ని అడగలేదు.

కైలాసం కుర్చీలోంచి లేచాడు. కోపం పోయింది, దాని చోట ఏదో ముసలితనం వచ్చి కూర్చుంది.

"అమ్మా, నేను శత్రువునా? పంతులు ఏమన్నడో నీకు తెల్వది. మూలల పుడితే తండ్రికి గండం అన్నడు. తండ్రి అంటే ఎవరు? వీడు. అమర్. నా కొడుకు నాకు కావాలె గదమ్మా."

"నాకు గూడ నా కొడుకు కావాల్సుండె మామా."

గొంతు పెంచకుండానే అన్నది. వాకిట్లో ఎండకు ఆరేసిన పెసర్లను పిచ్చుకలు ఏరుకుంటున్నాయి. ఆదిలక్ష్మి వాటిని అదిలించలేదు.

 కోడలి దగ్గర చెల్లని బలం కూతురి దగ్గర చెల్లుతుందనుకున్నాడు కైలాసం. త్రివేణి వైపు తిరిగాడు.

"సోమవారం నువ్వు ఆ చదువుకు పోయినవనుకో, సంగారెడ్డి నుంచి సదాశివపేట దాంక ప్రతి దుకాణంల ఒక్కటే మాట. కైలాసం సేటు మనవడు ముహూర్తానికే పోయిండట, అందుకే బిడ్డ ముహూర్తాల పని ఇడిచిపెట్టిందట అని. నువ్వు నోరు తెరవనవసరం లేదు. పోతే చాలు, చెప్పినట్టే."

"నేను ఉంటే ఏం జేస్త నాయినా? మళ్ల కత్తి అందియ్యాల్నా? నిన్నగాక మొన్న గూడ ఒకామె వచ్చింది, అక్కా మా కోడలికి ఫలానా టైం అని. నేను లేచి బాత్‌రూంల పోయి కూసున్న."

"నెల రోజులైతే సర్దుకుంటది."

"మీకు సర్దుకున్నదా?"

 పిల్లవాడు పుట్టిన పొద్దు కైలాసం దుకాణంలో కూర్చొని వచ్చేవాడికి, పోయేవాడికి లడ్డూ పంచాడు. ‘నిమిషం తప్పలే, నా బిడ్డ తీసింది’ అని రోడ్డు మీద పోయేవాళ్లను కూడా పిలిచి నోట్లో పెట్టాడు. తర్వాత సంగతి పంచడానికి ఆయనకు నోరు రాలేదు. గంజ్‌లో సగం మందికి కైలాసం మనవడు ఈ పాటికి ఊ కొడుతున్నాడనే తెలుసు.

"ఒకటే మాట" అన్నాడు చివరికి. "నర్సింగ్ హోంకు ఫోన్ చేసి రాజీనామా వాపసు తీసుకుంటవా, నా బిడ్డవు. తీసుకోవా..."

బయట ఆటో హారన్ మోగింది.

* * *

"సేటూ! ఉన్నవా? దుకాణం బందున్నదని ఇంటికే వచ్చిన."

కర్దనూర్ ఐలన్న. ప్రతి వానకాలం కైలాసం దగ్గరే మక్క విత్తనాలు కొంటాడు, మిగతా రోజులు సొంత ఆటో నడుపుతాడు. నవ్వుకుంటూ చెప్పులు విడిచి లోపలికి వచ్చేశాడు. ఆ ఇంట్లో మొహాలు చూసే తీరిక ఆయనకు లేదు, సంతోషంలో ఉన్నాడు.

"మా కోడలికి ఎనిమిదో నెల దాటుతున్నది సేటూ. నొప్పులదాంక ఎందుకు, నీ పంతులు తోటే టైం పెట్టిపిచ్చిన. శుక్రారం పొద్దుగాల. మన సిస్టరమ్మనే ఉండాలె, ఇంకెవ్వరొద్దు. ఏమ్మా సిస్టరూ, మాటిస్తవా?"

 ఆయన జవాబు కోసం ఆగకుండా జేబులోంచి చిన్న పొట్లం తీసి విప్పాడు. పచ్చ ఊలుతో అల్లిన కుల్ల, పసిపిల్లల టోపీ. బత్తాయికి తొడిగితే సరిపోయేంత.

"మీ పిలగానికి. మా ఇంటామె అల్లింది. ఎట్లున్నడు సేటూ మనవడు? ఆ పొద్దు నీ లడ్డూ తిన్న, ఇంకా నోరు తియ్యగనే ఉన్నది."

పిచ్చుకలు కూడా లేచిపోయాయి.

కైలాసం కుల్ల చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని తిప్పి చూశాడు, లోపల వేళ్లు పెట్టి వెడల్పు చేశాడు.

"బాగున్నడు" అన్నాడు.

ఆదిలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకొని వంటింట్లోకి పోయింది. అమర్ గోడ వైపు తిరిగాడు. సత్తయ్య, జన్మలో మాట తడుముకోని మనిషి, నేల చూశాడు. ఇన్నేళ్లు చెప్పిన అబద్ధాలన్నీ నవ్వడానికే చెప్పాడు ఆయన. ఇట్లాంటిది ఒకటి ఉంటుందని తెలియదు.

"అయితే జెర చూపియ్యుండ్రి సేటూ. కోడలు ఆటోల ఉన్నది, మెట్లెక్కలేదు. మంచి ఘడియల పుట్టిన పిలగాన్ని చూస్తే మంచిదని మా ఇంటామె మరీ మరీ చెప్పింది. ఒక్కసారి ఎత్తుకొస్తే ఆ పిల్ల చూస్తది."

ఐలన్న ఒక్కొక్కరి మొహం చూస్తున్నాడు. నవ్వు ఇంకా ఉంది గానీ దాని అంచులు తడబడుతున్నాయి.

"పడుకున్నడన్నా" అన్నది యామిని.

అందరూ ఆమెను చూశారు. గుమ్మానికి భుజం ఆనించి నిలబడి ఉంది. బాలింత గుడ్డ ముడి సర్దుకుంది.

"ఇప్పుడే పడుకున్నడు. లేపితే మళ్ల పడుకోడు. మా మామ చెప్పిండు గదా, బాగున్నడు."

కైలాసం కోడలి వైపు చూశాడు. తనను కాపాడిందో, నిలబెట్టి కాల్చిందో ఆయనకు అర్థం కాలేదు. అర్థమైతే మాత్రం ఏం చేసేవాడు?

"గట్లనా! పడుకోనియ్యి, పడుకోనియ్యి" అన్నాడు ఐలన్న, బరువు దిగినట్టు. "పిలగాండ్ల నిద్ర ఖరాబు చేయొద్దు. అయితే శుక్రారం ఖాయం సేటూ. డాక్టరమ్మ ఏదో తొందరెందుకు అంటున్నది గానీ, సిస్టరమ్మ ఒక్క మాట చెప్తే ఆమె వింటదని అందరు అంటరు."

ఆ ఒక్క మాట కోసం ఆయన త్రివేణి వైపు చూశాడు. కైలాసం కూడా చూశాడు. ఆయన చూపులో ఇప్పుడు ఆజ్ఞ లేదు. అడుక్కుంటున్నాడు. ఇంట్లో ఇంతమందిమి ఈ అబద్ధాన్ని మోస్తున్నాం గదా బిడ్డా, నువ్వు కూడా ఒక చెయ్యి వెయ్యి అన్నట్టు.

త్రివేణికి తండ్రి మీద ఎన్నడూ రానంత జాలి వేసింది. చిన్నప్పుడు జాతరలో తప్పిపోతే, తను దొరికినాక ఆయన ఇట్లాగే చూశాడు.

ఆమె ఐలన్నను దాటుకొని మెట్లు దిగింది. చెప్పులు కూడా వేసుకోలేదు.

ఆటోలో వెనక సీట్లో సన్నటి పిల్ల కూర్చొని ఉంది. మొహం మీద చెమట, ఒళ్లో సగం తిన్న జామకాయ. త్రివేణిని చూసి లేవబోయింది.

"లేవకు, కూసో. పేరేంది చెల్లే?"

"తనుశ్రీ అక్కా."

"ఒంట్ల ఏమన్న కష్టముందా? బీపీ, షుగరు? పిలగాడు మంచిగ తిరుగుతున్నడని చెప్పిండ్రా?"

"అంత మంచిగున్నదన్నరు. పొద్దంత తంతడు" అన్నది తనుశ్రీ సిగ్గుపడుతూ. "మా మామ శుక్రారం అంటున్నడు. అక్కా, నాకు జెర భయమైతున్నది. మీ పిలగాన్ని చూస్తే భయం పోతదన్నరు."

త్రివేణి ఆటో కడ్డీ పట్టుకుంది. వెనక మెట్ల మీద అడుగులు వినబడుతున్నాయి. తండ్రివి. ఆ అడుగులు ఆమెకు పుట్టిన నాటి నుంచి తెలుసు.

"మా పిలగాడు లేడమ్మా" అన్నది. "పడుకోలే. లేడు. నెలలు నిండక ముందల తీసినం, ఊపిరి తీసుకోలేకపోయిండు. తీసినోళ్లల్ల నేను ఉన్న. మీ డాక్టరమ్మ ఆగుదామన్నది గదా, ఆమె మాట విను. ఆమె చెప్పేదాంక ఘడియ కోసం ముందుగల్ల కొయ్యనియ్యకు. మీ మామ అడిగినా, నేనే వచ్చి అడిగినా, ఒద్దను."

తనుశ్రీ చెయ్యి దానంతటదే కడుపు మీదికి పోయింది.

ఐలన్న మెట్ల మీదే నిలబడిపోయాడు. ఆమె మాటలన్నీ విన్నాడు. నెమ్మదిగా తల తిప్పి సేటును చూశాడు. సేటు చేతిలో పచ్చ కుల్ల ఇంకా ఉంది, వేళ్లకు తొడుక్కొని ఉంది.

"సేటూ... ఏందిది?"

కైలాసం ఐలన్నకు జవాబివ్వలేదు. ఇరుగు పొరుగు గుమ్మాల్లోకి వచ్చారు, వాళ్లనూ చూడలేదు. కూతురి కాళ్లు చూశాడు. మధ్యాహ్నపు సిమెంటు రోడ్డు మీద వట్టి కాళ్లు.

ఒక్క క్షణం, చెప్పులు తెచ్చి ఇస్తాడేమో అనిపించింది. లోపల గుమ్మంలో యామినికి కూడా అట్లాగే అనిపించిందేమో, ఒక అడుగు ముందుకు వేసింది.

"త్రివేణీ" అన్నాడు కైలాసం.  "సోమవారం దాంక ఎందుకు? ఆ ఆటోల్నే ఎక్కి పో."

 వంటింట్లోంచి ఆదిలక్ష్మి "అయ్యో" అన్నది గానీ బయటికి రాలేదు.

త్రివేణి కడ్డీ వదలలేదు. ఎక్కలేదు, వెనక్కి తిరగలేదు.

తనుశ్రీ జామకాయ పక్కన పెట్టి, కడుపు పట్టుకొని, ఆమెకు చోటిస్తూ సీట్లో కొంచెం అవతలికి జరిగింది.